పాత చెక్క, కొత్త పూత

పాత బల్లకు రంగు వేయడము కూడా ధర్మవిచారమునకు తగిన విషయమేనా అని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ధర్మసూక్ష్మము రాజసభలలోను, రణరంగములోను మాత్రమే ఎదురవుతుందని అనుకోవడము లోకములో ఒక అలవాటు. నిజానికి అది వంటింటిలోను ఎదురవుతుంది, పెరటిలోను ఎదురవుతుంది, చేత కుంచె పట్టుకొని ఒక పాత కుర్చీ ముందు కూర్చున్నవానికి కూడా ఎదురవుతుంది. ఆ కుర్చీ మరొకరు వాడినది. దాని చేతుల మీద ఎవరి అరచేతులో తెచ్చిన నునుపు ఉన్నది. పక్కనున్న బల్ల మీద ఎవరో ఎన్నడో దించిన వేడి గిన్నె తెల్లని వలయముగా మిగిలి ఉన్నది. వాటిని కొన్నవాడు ఇప్పుడు ఆ గుర్తులను చెరిపివేయబోతున్నాడు. అతనికి ఆ హక్కు ఎక్కడిది? డబ్బు ఇచ్చి కొన్నాడు గనుక ఉన్నది అని చెప్పడము సులభమే. అయితే కొనుగోలుతో సంక్రమించేది వస్తువు మాత్రమేనా, దాని గతము కూడానా?

ఈ ప్రశ్న ఖతార్ దేశములో మరింత సూటిగా తగులుతుంది. అక్కడి జనములో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా పరదేశీయులే. వారి నివాసానుమతి ఉద్యోగముతో ముడిపడినది. ఉద్యోగము ముగిసిన నాడు ఇల్లు కూడా ముగుస్తుంది. పదిహేనేండ్లు కాపురము చేసిన కుటుంబము సైతము కొద్ది వారములలో మూటలు కట్టుకోవలసి రావచ్చును. విమానములో మనిషికి అనుమతించే బరువులో మంచము పట్టదు, బీరువా పట్టదు. కనుక అవి అక్కడనే మరొకరికి అమ్ముడుపోతాయి. కోనసీమనుండియో, కరీంనగరునుండియో, కడపనుండియో వచ్చి దోహా నగరములో కొత్తగా కాపురము పెట్టిన తెలుగు గృహస్థు మొదట కొనేది తరచుగా ఇటువంటి చేతులు మారిన సామానునే. ఆ బల్ల అంతకుముందు కేరళవారి ఇంటిలో ఉండవచ్చును, ఈజిప్టువారి ఇంటిలో ఉండవచ్చును, ఫిలిప్పీన్సువారి ఇంటిలో ఉండవచ్చును. మరి కొన్నేండ్లకు అది ఇంకొకరి ఇంటికి పోతుంది. అక్కడ మనుషులకంటె మంచములే స్థిరనివాసులు అని చెప్పినా పెద్ద అతిశయోక్తి కాదు.

పని తీరు ఎరుగని వారికి ఒకటి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. పాత సామానుకు రంగు వేయడములో రంగు వేయడము చివరి పని, అన్నిటిలో చిన్న పని. మొదట సబ్బునీటితో జిడ్డు కడగాలి. వంటింటి బల్ల అయితే ఏండ్ల తరబడి పట్టిన నూనె ఆవిరి కంటికి కనబడదు; కడగకపోతే కొత్త రంగు దాని మీద నిలువదు, గోరు తగిలినా పొరగా లేచివస్తుంది. తరువాత గరుకు కాగితముతో రుద్దాలి. పగుళ్లలోను, మేకు రంధ్రములలోను లప్పము నింపి, ఆరనిచ్చి, మరల రుద్ది, ప్రైమరు పూసి, ఆపైన పలుచగా రెండు పూతలు వేయాలి. ఒకే పూత దట్టముగా వేసి ముగించాలని తొందరపడినవాని పని ముడతలు పడుతుంది. ఖతార్‌లో దీనికి తోడు వేరే చిక్కులు కలవు. కిటికీ తెరిస్తే పిండివంటి ఎడారి ధూళి వచ్చి తడి రంగు మీద వాలుతుంది. మూస్తే రంగు ఆవిరి గదిలోనే తిరుగుతుంది. 45 డిగ్రీలు దాటే వేసవి ఎండలో బాల్కనీలో పెట్టి వేస్తే పైపొర వెంటనే ఎండి లోపలి పొర పచ్చిగానే ఉండిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో సముద్రపు తేమ మరొక అడ్డు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు గల చల్లని దినములే ఈ పనికి తగినవి.

ఆ రుద్దడములోనే అసలు విషయము బయటపడుతుంది. తెల్లని పొర క్రింద ఆకుపచ్చ, ఆకుపచ్చ క్రింద నీలము, నీలము క్రింద అసలు చెక్క. కొన్నిటిలో మేలైన టేకు బయటపడి యజమానిని ఆశ్చర్యపరుస్తుంది. కొన్నిటిలో, నేటి కాలములో ఎక్కువవాటిలో, రంపపు పొట్టు అదిమి చేసిన అట్ట మీద చెక్క నరముల బొమ్మ అచ్చువేసిన కాగితము మాత్రమే ఉంటుంది. అటువంటి దానిని గట్టిగా రుద్దితే చిరుగుతుంది తప్ప చరిత్ర చెప్పదు. ఇక నిజమైన చెక్క బీరువా పక్కభాగమున ఒక్కొక్కప్పుడు పెన్సిలుతో గీసిన అడ్డగీతలు కనబడుతాయి. ఒక గీత పైన మరొక గీత, వాటి పక్కన తేదీలు. ఎవరి బిడ్డయో ఏటేటా ఎంత పెరిగినదో ఆ తల్లిదండ్రులు కొలిచిన గుర్తులు అవి. ఇంటిలోని గోడ అద్దెవారిది. దాని మీద గీయడానికి భయము. అందుచేత బీరువా మీద గీశారు. వెళ్ళేటప్పుడు ఆ బీరువానే వదిలి వెళ్ళారు. కుంచె పట్టినవాడు ఆ గీతల మీద రంగు వేయవచ్చునా?

వేయవచ్చును అనేవారి వాదము తేలికగా కొట్టివేయదగినది కాదు. తెలుగుదేశములో రంగు ఎన్నడును కపటమునకు గుర్తు కాదు, అది సంరక్షణకు గుర్తు. గడపకు పసుపు రాసే ఇల్లాలు నిన్నటి పసుపును దాచుటకు నేటి పసుపు రాయడము లేదు. (నేడు అనేక గృహములలో పసుపుకు బదులు పచ్చని ఎనామెలు పూసి, దాని మీద ఎర్రని చుక్కలు కూడా శాశ్వతముగా పెట్టిస్తున్నారు. శ్రమ తగ్గినమాట నిజము. గడప ముందు వంగడము కూడా తగ్గినది.) ఏటికొప్పాక వడ్రంగులు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుచూ లక్క కడ్డీని అదిమినప్పుడు ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు చెక్కను పట్టుకుంటుంది, అక్కడ రంగు ఏది, బొమ్మ ఏది అని విడదీయలేము. శ్రీకాకుళము వారికి సుపరిచితమైన పూరీ క్షేత్రములో దేవుడే దారుమూర్తి. జ్యేష్ఠ పూర్ణిమ నాటి స్నానము తరువాత ఆ మూర్తులు పదిహేను దినములు భక్తులకు కనబడకుండా ఉంటాయి. ఆ రోజులలో వాటికి కొత్తగా రంగులు దిద్దుతారు. అధికాషాఢము వచ్చిన కొన్ని సంవత్సరములలో, 1996 లోను, 2015 లోను జరిగినట్లు, వేప దుంగలతో కొత్త మూర్తులనే నిర్మిస్తారు. అయినను స్వామి మారినాడని ఏ భక్తుడును అనుకోడు. పూత మారినంత మాత్రాన వస్తువు సత్యము పోతుందనే మాటకు ఇంతకంటె గట్టి సమాధానము దొరకదు.

కాని ఈ ఉపమానములో ఒక తేడా కలదు, దానిని దాటిపోరాదు. పూరీలో రంగు దిద్దేవారికి తాము దేనిని దిద్దుతున్నారో తెలుసును. పాత మూర్తికి అంత్యసంస్కారము కూడా జరుగుతుంది. దోహాలో సెలవుదినమున బీరువాకు తెల్లరంగు వేసే గృహస్థు, తాను దేనిని కప్పుతున్నాడో ఒక్క నిమిషము చూసినాడా అన్నది వేరే సంగతి. ఇక చెద తిన్న కాలును లప్పముతో నింపి, రంగు వేసి, గట్టి సామాను అని అమ్మేవాని విషయములో విచారమే అక్కరలేదు. అది మోసము, దానికి రంగు ఒక సాధనము.

గుర్తు ఎందుకు నిలువవలెను అనే ప్రశ్నకు సమాధానము ఖతార్‌లో కంటె, ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీల సంతతివారి ఇండ్లలో సులభముగా దొరుకుతుంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుండి దర్బను చేరినది. ఫిజీకి 1879 నుండి 1916 వరకు 60,000కు పైగా కూలీలు వెళ్ళారు. మద్రాసునుండి ఓడలు బయలుదేరినది 1903 నుండి. ఓడ ఎక్కే ప్రతి మనిషికి ఒక వలస పత్రము వ్రాయబడేది. అందులో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళములు, అన్నిటికి తోడు శరీరము మీది గుర్తులు అనే గడి ఒకటి ఉండేది. నుదుట మచ్చ, ఎడమ మోకాలి మీద గాయపు గుర్తు, ఇటువంటివి ఆ గడిలోకి ఎక్కేవి. వ్రాసిన గుమాస్తాకు ఆ మనిషి మీద ప్రేమ లేదు, గౌరవము అంతకన్న లేదు. ఒకరి పత్రముతో మరొకరు వెళ్ళకుండా, పారిపోయినవానిని పట్టుకోవడానికి వీలుగా మాత్రమే అది వ్రాయబడినది. పశువుకు వేసే వాతకు, ఆ గడికి ఉద్దేశములో భేదము స్వల్పము.

అయినప్పటికి నేడు ఆ పత్రముల కోసము సువాలోని ఫిజీ జాతీయ దస్తావేజుల భవనమునకు వెళ్ళేవారు కలరు. మారిషస్‌లో మోకా వద్ద మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచిన వలస దస్త్రములను వెదికేవారు కలరు. గుమాస్తాలు తెలుగు పేర్లను తమ చెవికి తోచినట్లు వ్రాసుకున్నందున పేరు సరిగా ఉండదు. ఊరి పేరు ఒక్కొక్కప్పుడు ఏ పటములోను దొరకదు. కాని మచ్చ ఉంటుంది. ముత్తాత ముఖము ఎరుగని మునిమనుమనికి ఆయన దేహమును గురించి తెలిసేది ఆ ఒక్క పంక్తియే. ఎత్తు ఐదడుగుల మూడు అంగుళములు, కుడి చేతి మీద కాలిన మచ్చ. ఎక్కడ కాలినది? వంట పొయ్యి వద్దనా, బెల్లపు కాగు వద్దనా? పత్రము చెప్పదు. ఆ చెప్పకపోవడము కూడా వారు ఇంటికి తెచ్చుకుంటారు. అధికారము కోసము నమోదు చేసిన గుర్తు మూడు తరముల తరువాత ప్రేమకు ఆధారమైనది. అది ఇలా ఉపయోగపడుతుందని వ్రాసినవానికి తెలియదు, వ్రాయించుకున్నవానికి తెలియదు.

బీరువా మీది పెన్సిలు గీతలకు ఈ పత్రములోని ఎత్తు గడికి ఉన్న చుట్టరికము ఇప్పుడు పాఠకులకు తోచియే ఉంటుంది. రెండును మనిషి ఎత్తును కొలిచినవే. ఒకటి తల్లి గీసినది, ఒకటి గుమాస్తా వ్రాసినది. గుర్తు ఎవరికి ఎప్పుడు అక్కరకు వస్తుందో దానిని చెరిపేవానికి తెలిసే అవకాశము లేదు. తనకు పనికిరానిది ఎవరికిని పనికిరాదనే నిశ్చయము ఇక్కడ చెల్లదు. అలాగని ప్రతి నూనె మరకను దాచిపెట్టాలని చెప్పడము కూడా అవివేకమే. అప్పుడు ఇల్లు ఇల్లుగా ఉండదు, పాత సామానుల కొట్టు అవుతుంది. బ్రతుకుతున్నవారు బల్ల మీద అన్నము తినాలి.

ఖతార్ దేశము తన గతము విషయములో ఈ చిక్కునే పెద్ద కొలతలో ఎదుర్కొన్నది. కలప పండని ఆ గడ్డకు చెక్క అంతయు ఓడలలోనే వచ్చేది. ఇత్తడి మేకుల నగిషీ గల పెద్ద పెట్టెలు, అరబ్బీలో సందూక్ ముబయ్యత్ అని పిలిచేవి, చాలావరకు భారతదేశపు పడమటి తీరమున తయారై గల్ఫ్ ఇండ్లకు చేరినవి. తెలుగులోని సందుగ అనే మాట ఆ సందూక్‌కు చుట్టమే. వధువు బట్టలు, సుగంధములు అందులో ఉండేవి. వాటికి నేడు రంగు వేస్తానంటే ఆ దేశములో ఎవరును ఒప్పుకోరు. గీతలతో, సొట్టలతో సహా అవి పూజ్యములు. ఇది సరే. దోహాలోని సూక్ వాకిఫ్ అనే పాత బజారు విషయము ఇంత తేలిక కాదు. శిథిలమై, 2003లో అగ్నిప్రమాదమునకు గురైన ఆ బజారును 2004 నుండి పునరుద్ధరించారు. రేకుల కప్పులు తీసివేసి దూలములు, వెదురు, మట్టి, గడ్డితో పాత పద్ధతి కప్పులు వేశారు. తరువాతి కాలములో కట్టిన ఆధునిక కట్టడములను కూల్చారు. చూడముచ్చటగా ఉన్న మాట కాదనరానిది. కాని ఆ రేకుల కాలము కూడా ఒక కాలమే గదా. పాత పొరను చూపుటకు మధ్యపొరను గీకివేసినప్పుడు, ఆ మధ్యపొరలో ఎవరు బ్రతికారు అని ఎవరు అడుగుతారు? బల్లను అసలు చెక్క దాకా గీకేవాడు కూడా రంగు వేసేవానివలెనే ఏదో ఒకటి చెరిపివేస్తున్నాడు. ఈ సంగతిని పాత వస్తువుల ప్రియులు తరచుగా మరచిపోతారు.

అదే నగరములో ముషైరిబ్ వద్ద బిన్ జల్మూద్ గృహము అనే ప్రదర్శనశాల 2015లో తెరవబడినది. అది ఒకప్పుడు బానిసల వ్యాపారి ఇల్లు. ఖతార్‌లో బానిసత్వము రద్దయినది 1952లో. హిందూ మహాసముద్రమున జరిగిన ఆ వ్యాపార చరిత్రను ఆ ఇంటిలోనే చెబుతున్నారు. చుట్టును అద్దపు మేడలు లేచిన పేటలో ఆ ఒక్క ఇంటిని మరచిపోవడము ఎంతో సులభముగా ఉండేది. గతములోని గాయమును చూపిన చోట నేటి కూలివాని స్థితి గురించి కూడా అడిగేవారు పుడతారు, పుట్టారు. 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగము మారే వీలు కల్పిస్తూ అక్కడ చట్టము మారినది. ఆ ఇల్లే దీనికి కారణమని చెప్పలేము. కాని మచ్చను కప్పని ఇల్లు ఆ నగరములో ఒకటి నిలిచి ఉండడము చిన్న విషయము కాదు.

చేతిపని సంగతి ఒకటి మిగిలినది. నెలజీతపు ఉద్యోగి సెలవునాడు చల్లని గదిలో కూర్చుండి బల్లను రుద్దుతుంటే అతనికి అది విశ్రాంతి. అదే రుద్దడము జీవనాధారమైనవానికి విశ్రాంతి కాదు. ఖతార్‌లో జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు పగలు 10 గంటలనుండి మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని 2021లో నియమము వచ్చినది. అంత వేడిలో నిచ్చెన మీద నిలిచి గోడలకు రంగు వేసేవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. చెరకుతోటల వరుస గదులలో పుట్టిన తాతల మనుమలకు ఈ భేదము వివరించనక్కరలేదు. అయినను సరదాగా చేసినా స్వహస్తముతో చేయడములో ఒక లాభము ఉన్నది. డబ్బిచ్చి చేయించినవాడు పెన్సిలు గీతలను చూడడు. రుద్దినవాడు చూస్తాడు. చూసిన తరువాత ఏమి చేయవలెనన్నది అతని మనస్సు. చూడకుండా మాత్రము ఉండలేడు.

ముందువారికి ఎంత ఋణమో తరువాతివారికి అంతే ఋణము. పాత రంగులలో సీసము ఉండేది. అమెరికాలో గృహముల రంగులలో సీసమును 1978లో నిషేధించారు. భారతదేశములో పది లక్షల భాగములకు 90 భాగములకు మించరాదనే నియమము అమలులోకి వచ్చినది 2017 నవంబరు 1న మాత్రమే. ఎప్పటిదో, ఏ దేశమునుండి వచ్చినదో తెలియని బల్లను పొడిగా రుద్దితే ఆ ధూళి పాకే పసిబిడ్డ చేతికి, చేతినుండి నోటికి పోతుంది. తడిపి రుద్దడము, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకోవడము, పిల్లలను దూరముగా ఉంచడము, ఇవి శుభ్రతకు సంబంధించిన చిన్న విషయములుగా కనబడవచ్చును. ఆ బల్ల మూడేండ్ల తరువాత వేరొకరి ఇంటికి పోతుందని తెలిసి కూడా సీసము లేని రంగు వెదికి కొనేవాడు, తాను ఎన్నడును చూడబోని బిడ్డ కోసము ఖర్చు చేస్తున్నాడు. ధర్మశాస్త్రములలో దీనికి ప్రత్యేకమైన పేరు లేకపోవచ్చును.

ప్రదర్శనశాలలలో పాత వస్తువులను బాగుచేసేవారు రెండు కట్టుబాట్లు పాటిస్తారు. చేసిన మరమ్మతు వీలైనంతవరకు తిరిగి తీసివేయదగినదిగా ఉండాలి. ఏమి చేసినారో వ్రాసి ఉంచాలి. ఇంటిలో కుంచె పట్టినవానికి ఇంత నియమము అక్కరలేదని అనిపించవచ్చును, కాని ఇందులో కష్టమేమియు లేదు. పెన్సిలు గీతలున్న పక్కభాగమును గోడవైపు తిప్పి, దానికి మాత్రము రంగు వేయక వదలవచ్చును. అంతకూడదనుకుంటే ఫోటో తీసి, అమ్మినవారి చిరునామా దొరికితే పంపవచ్చును. ఇంకొక చోటు కూడా ఉన్నది. బల్ల అడుగుభాగమునకు సాధారణముగా ఎవరును రంగు వేయరు. వడ్రంగి తన కొలతలు వేసుకున్నది అక్కడే, అంగడివాడు సుద్దతో సంఖ్య వ్రాసినది అక్కడే. పాత బల్ల కొనేవాడు చెద పట్టినదేమో అని ఎలాగూ దానిని తలక్రిందులు చేసి చూస్తాడు. ఏ సంవత్సరమున, ఏ రంగు మీద ఏ రంగు వేసినారో, పక్కన ఎవరి బిడ్డ ఎత్తు గీతలు ఉండేవో రెండు పంక్తులు అక్కడ వ్రాసి ఉంటే, చదువుకొనుటకు అతనికి అర నిమిషము పడుతుంది.